నూలుతాడు నుంచి ధ్వనితరంగం దాకా: సరస్సుల లోతు కొలిచిన చరిత్ర

ఈతకు మించిన లోతు లేదని తెలుగులో ఒక సామెత. కాలికి నేల అందని చోట నీరు రెండు నిలువులున్నా ఇరవై నిలువులున్నా ఈదేవాడికి ఒకటేనని దాని భావం. ఈతగాడి విషయంలో ఇది నిజమే కాని, జాలరి విషయంలో కాదు. గేలం ఎంత లోతుకు దించాలో, వల ఏ మట్టంలో నిలపాలో తెలియాలంటే అడుగు ఎక్కడ ఉందో, ఎలా ఉందో తెలిసి తీరాలి. సముద్రం మీద ఈ అవసరాన్ని నావికులు ప్రాచీనకాలంలోనే గుర్తించారు. సీసపు గుండు కట్టిన తాడును నీళ్ళలోకి వదిలి, బారలు లెక్కపెట్టుకుంటూ రేవులకు దారి చేసుకున్నారు. మంచినీటి సరస్సుల కథ వేరు. యుద్ధనౌకలూ సరుకు ఓడలూ తిరగని నీళ్ళ లోతుతో రాజ్యాలకు పని లేకపోయింది. అందువల్ల సరస్సుల అడుగును పద్ధతి ప్రకారం కొలిచి పటాలకెక్కించే పని పంతొమ్మిదో శతాబ్దం దాకా విస్తృతంగా సాగలేదు. ఆ ఖాళీని కథలు నింపాయి. అడుగే లేని మడుగులు, పాతాళం దాకా దారి ఉన్న కొలనులు ప్రతి దేశంలోనూ ఉన్నాయి.

ఆ కథలను తాడుతోనూ రాయితోనూ పరీక్షించినవారు మొదట్లో ప్రభుత్వోద్యోగులు కారు. ఒక రచయిత, ఒక వైద్యుడు, కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి ఈ చరిత్రలో ముఖ్యులు. నేడు పడవ అంచున బిగించిన చిన్న తెర మీద చేప ఆనవాలు చూస్తున్నవారు వీరందరికీ వారసులే.

మంచులో రంధ్రాలు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కాంకర్డ్ ఊరి పక్కన ఉన్న వాల్డెన్ కొలనుకు అడుగు లేదని ఊరివాళ్ళలో చాలామంది నమ్మేవారు. 1846 ఆరంభంలో, నీటి మీద మంచు ఇంకా గట్టిగా ఉన్న రోజుల్లో, ఆ ఒడ్డునే కాపురముంటున్న హెన్రీ డేవిడ్ థోరో దిక్సూచి, గొలుసు, కొలతాడు తీసుకుని కొలను మీదకు నడిచాడు. మంచు గడ్డకట్టిన కొలను కొలతకు పడవకన్నా అనువైనది. అది ఊగదు, గాలికి కొట్టుకుపోదు, కొలిచిన చోటును మళ్ళీ వెతుక్కోనక్కరలేదు. అతడు మంచుకు రంధ్రాలు చేసి, కాడ్ చేపలు పట్టే తాడుకు సుమారు ఏడువందల గ్రాముల రాయి కట్టి, నూరుకు పైగా చోట్ల దించి చూశాడు. రాయి అడుగున ఆని ఉన్నంతసేపూ పైకి లాగడం కష్టంగా ఉంటుంది, దాని కిందికి నీరు చేరగానే తేలికవుతుంది. ఆ తేడాను చేతితో పసిగట్టి అడుగును నిర్ణయించాడు. అన్నిటికన్నా లోతైన చోటు 102 అడుగులు తేలింది. తర్వాతి శతాబ్దపు కొలతలు కూడా దాదాపు ఇదే సంఖ్యను చూపాయి.

సంఖ్యకన్నా అతడు గమనించిన మరో విషయం విలువైనది. పటం మీద కొలను పొడవైన రేఖనూ వెడల్పైన రేఖనూ గీస్తే అవి ఖండించుకున్న బిందువు దగ్గరే అత్యధిక లోతు ఉంది. ఒడ్డు మలుపులను బట్టి, చుట్టూ ఉన్న గుట్టల వాలును బట్టి, కనిపించని అడుగును ఊహించవచ్చునన్న ఆలోచన అందులో ఉంది. అది అన్ని సరస్సులకూ వర్తించే సూత్రం కాదు. అయినా తీరంలోంచి నీళ్ళలోకి పొడుచుకొచ్చిన కొమ్ము నీటి అడుగున కూడా కొంతదూరం సాగుతుందనీ, నిటారు ఒడ్డు పక్కన లోతు త్వరగా వస్తుందనీ నేటికీ గేలగాళ్ళు నేర్చుకునే మొదటి పాఠం ఇదే. 1854లో వెలువడిన తన గ్రంథంలో థోరో ఆ పటాన్ని కూడా అచ్చువేశాడు.

సరస్సుకు శరీరశాస్త్రం

స్విట్జర్లాండులో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మోర్జ్ పట్టణంలో 1841లో పుట్టిన ఫ్రాన్స్వా ఆల్ఫాన్స్ ఫొరెల్ చదివింది వైద్యం. లొసాన్‌లో శరీర నిర్మాణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం బోధించాడు. కాని జీవితమంతా అతడు పరీక్షించిన రోగి ఒక్కటే: ఇంటి ముందున్న సరస్సు. వైద్యుడు దేహాన్ని చూసే క్రమంలోనే అతడు దాన్ని చూశాడు. మొదట నిర్మాణం, అంటే లోతు, అడుగు, ఒండ్రు. ఆపైన ఉష్ణోగ్రత, వెలుతురు, నీటిలో కరిగిన పదార్థాలు, అందులో బతికే జీవులు. సరస్సుకు నాడి కూడా ఉంది. గాలీ వాతావరణపీడనమూ మారినప్పుడు తొట్టిలో నీరు ఊగినట్టు సరస్సు మొత్తం ఒక కొసనుంచి మరో కొసకు ఊగుతుంది. స్థానికులు 'సేష్' అని పిలిచే ఈ ఊపును ఫొరెల్ గడియారం పెట్టి కొలిచాడు. జెనీవా సరస్సు పొడవునా సాగే ప్రధానమైన ఊపుకు సుమారు 73 నిమిషాలు పడుతుంది. సరస్సు పొడవు, లోతు తెలిస్తే ఆ కాలాన్ని లెక్కగట్టవచ్చు కనుక, లోతుల పటం లేకుండా ఈ నాడి అర్థం కాదు.

1892 నుంచి 1904 వరకు మూడు సంపుటాలుగా వచ్చిన 'ల లెమాన్' గ్రంథంతో సరోవరశాస్త్రం ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలబడింది. దానికి లిమ్నాలజీ అన్న పేరు పెట్టినవాడూ ఫొరెలే.

దొర పడవలు, ఉక్కు తీగ

దేశం మొత్తం మీద ఉన్న సరస్సుల లోతు కొలిచిన మొదటి మహాప్రయత్నాల్లో ఒకటి స్కాట్లండులో జరిగింది. అక్కడి విద్వత్సంఘాలు 1880లలోనే ఈ పని చేపట్టమని ప్రభుత్వాన్ని కోరాయి. నౌకాశాఖ తన బాధ్యత సముద్రజలాలకే పరిమితమంది. భూమిని కొలిచే శాఖ నీటి అడుగు తన పని కాదంది. సరస్సు అడుగు ఇద్దరికీ చెందని భూమి అయింది.

ఆ పనికి 1897లో సొంతంగా పూనుకున్నవాడు సర్ జాన్ మరీ. 1872–76 మధ్య భూగోళం చుట్టిన చాలెంజర్ నౌకలో ప్రకృతిశాస్త్రజ్ఞుడిగా పనిచేసి, మహాసముద్రాల అడుగును చూసి వచ్చినవాడు. అతడికి తోడుగా నిలిచినవాడు ఫ్రెడరిక్ పుల్లర్, పెర్త్ పట్టణంలో అద్దకపు పరిశ్రమ నడిపే సంపన్న కుటుంబంలోని యువకుడు. సరస్సులు చాలామటుకు కొండల నడుమ ఉంటాయి. బరువైన సముద్రపు పరికరాలను అక్కడికి మోసుకుపోవడం సాధ్యం కాదు. అందుకని పుల్లర్ చిన్న పడవ అంచుకు బిగించుకోగల తేలికైన యంత్రాన్ని తయారుచేశాడు. చక్రానికి చుట్టిన సన్నని ఉక్కు తీగ, కొసన గుండు, ఎంత తీగ దిగిందో చూపే ముల్లు. తాడు బదులు తీగ వాడే ఆలోచనకు మూలం గ్లాస్గోలో ఉంది. పియానో తీగతో సముద్రం లోతు కొలవవచ్చని 1872లో నిరూపించినవాడు అక్కడి ఆచార్యుడు విలియం థామ్సన్, తర్వాతి లార్డ్ కెల్విన్. నూలుతాడు నీటిలో సాగుతుంది, నాని బరువెక్కుతుంది, ప్రవాహానికి వంగుతుంది. తీగకు ఈ దోషాలు చాలా తక్కువ.

కొలిచే పద్ధతి సాదాసీదాది. ఒక ఒడ్డున ఉన్న గుర్తు నుంచి ఎదుటి ఒడ్డు గుర్తుకు తిన్నగా తెడ్డు వేస్తారు. ఇన్ని తెడ్లకు ఒకసారి అని లెక్కపెట్టుకుని ఆగి, గుండు దించి, ముల్లు చూసి, పుస్తకంలో రాసుకుంటారు. సరస్సుల మీద ఉండే పడవలు సాధారణంగా ఆ ఎస్టేట్ల దొరలవి. వాటిని అడిగి తెచ్చుకోవాలి. పడవ దొరకని సరస్సు కొలతకు ఎక్కలేదు.

1901 ఫిబ్రవరిలో స్టెర్లింగ్ దగ్గర ఉన్న ఎయిర్‌త్రీ సరస్సు మీద మంచు విరిగి, దాని మీద జారుతూ ఆడుకుంటున్నవారు నీళ్ళలో పడ్డారు. అక్కడే ఉన్న ఫ్రెడరిక్ పుల్లర్ కొందరిని కాపాడి, మరొకరి కోసం వెళ్ళి మునిగిపోయాడు. అప్పటికతడి వయసు పాతికేళ్ళు. మరీ పని ఆపేశాడు. మరుసటి ఏడాది ఫ్రెడరిక్ తండ్రి లారెన్స్ పుల్లర్ ముందుకొచ్చి, కొడుకు మొదలుపెట్టిన సర్వేను తన ఖర్చుతో పూర్తిచేయమన్నాడు. జీవశాస్త్రజ్ఞులనూ భౌతికశాస్త్రం తెలిసిన యువకులనూ చేర్చుకుని బృందాన్ని పెంచారు. 1909 నాటికి 562 సరస్సులు, 60,000కు పైగా లోతు కొలతలు పూర్తయ్యాయి. 1910లో ఆరు సంపుటాల నివేదిక వెలువడింది. ప్రతి గుండు దింపూ మనిషి చేతితో జరిగిందే.

లాక్ నెస్ లోతు 754 అడుగులు, లాక్ మోరార్ లోతు 1,017 అడుగులు అని ప్రపంచానికి తెలిసింది ఆ తీగ వల్లనే. మోరార్ ఉపరితలం సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున మాత్రమే ఉంది. అంటే దాని అడుగు సముద్రమట్టానికి సుమారు మూడువందల మీటర్ల కింద ఉన్నట్టు. నదులు ఇంతటి గొయ్యి తవ్వలేవు, హిమానీనదాలే తవ్వాలి. లాక్ నెస్‌లో వివిధ లోతుల్లో ఉష్ణోగ్రత కొలిచినవారికి పైనీరు కదలకుండా ఉన్నట్టు కనిపిస్తున్నప్పుడు కూడా లోపల చల్లని పొర, వెచ్చని పొర ఒకదానిమీద ఒకటి మెల్లగా ఊగడం కనిపించింది. ఫొరెల్ ఉపరితలం మీద పట్టుకున్న నాడి లోపల మరింత బలంగా కొట్టుకుంటోంది.

గంట మోత, ప్రతిధ్వని

తాడుకు బదులు ధ్వని వాడాలన్న ఊహకు ఆధారం కూడా జెనీవా సరస్సులోనే దొరికింది. 1826లో జాన్ డానియల్ కొలడాన్, చార్ల్స్ స్టుర్మ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రాత్రిపూట పదమూడు కిలోమీటర్లకు పైగా దూరంలో రెండు పడవలు నిలిపారు. ఒక పడవ కింద నీళ్ళలో గంట కొట్టిన క్షణంలోనే మందుగుండు వెలిగేలా ఏర్పాటు చేశారు. రెండో పడవలో కొలడాన్ మెరుపు చూసి గడియారం నొక్కి, నీళ్ళలో ముంచిన పొడవాటి బాకా గొట్టానికి చెవి ఆన్చి గంట మోత కోసం కాచుకున్నాడు. తొమ్మిది సెకన్లు దాటాక మోత వినిపించింది. సుమారు 8 డిగ్రీల నీటిలో ధ్వనివేగం సెకనుకు 1,435 మీటర్లని తేలింది. గాలిలో కన్నా ఇది నాలుగు రెట్లకు మించిన వేగం.

వేగం తెలిశాక మిగిలింది తేలిక లెక్కే. ధ్వనిని కిందికి పంపి, అది అడుగున తగిలి తిరిగి వచ్చేదాకా పట్టిన కాలాన్ని కొలిచి, సగం చేసి, వేగంతో గుణిస్తే లోతు వస్తుంది. 30 మీటర్ల నీటిలో ఈ రాకపోకలకు సెకనులో ఇరవైనాలుగో వంతు మాత్రమే పడుతుంది. అంత చిన్న కాలాన్ని కొలిచే సాధనాల కోసం ఇరవయ్యో శతాబ్దం దాకా ఆగవలసి వచ్చింది. 1912లో టైటానిక్ మునగడం ఈ ప్రయత్నాలకు ఊపునిచ్చింది. ఆ ఏడాదే బ్రిటన్‌లో లూయిస్ ఫ్రై రిచర్డ్సన్, మరుసటి ఏడాది జర్మనీలో అలెగ్జాండర్ బేమ్ పేటెంట్లు పొందారు. 1914లో రెజినాల్డ్ ఫెసెండెన్ ప్రతిధ్వనితో మంచుకొండ ఉనికి కనిపెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో జలాంతర్గాములను వెతకడానికి పాల్ లాంజెవాన్ క్వార్ట్‌జ్ స్ఫటికాన్ని విద్యుత్తుతో కంపింపజేసి, చెవికి వినిపించని ధ్వనిని పుట్టించాడు. 1925–27లో జర్మన్ నౌక మిటియోర్ దక్షిణ అట్లాంటిక్‌లో 67,000కు పైగా లోతులు కొలిచింది. మరీ బృందం పుష్కరకాలం తీగ తిప్పి సాధించినంత కొలతను ఒక్క నౌక రెండేళ్ళలో, మైళ్ళ లోతు సముద్రంలో సాధించింది.

అడుగు నుంచి రావలసిన ప్రతిధ్వనికి ముందే నడుమన చిన్నచిన్న ప్రతిధ్వనులు రావడం త్వరలోనే గమనించారు. 1929లో జపానులో కిమురా అనే పరిశోధకుడు చేపల చెరువులో ధ్వనిని పంపి, చేపలు అడ్డొచ్చినప్పుడు కలిగే మార్పును నమోదు చేశాడు. 1935లో నార్వే శాస్త్రజ్ఞుడు ఆస్కర్ సుండ్ లోఫోటెన్ దీవుల దగ్గర కాడ్ చేపల గుంపు ఒక మట్టంలో పొరలా నిలిచి ఉండడాన్ని కాగితం మీద పట్టి ప్రచురించాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత నాగసాకి ప్రాంతానికి చెందిన ఫురునో సోదరులు సైన్యం వదిలేసిన పరికరాలను మార్చి, 1948లో జాలరుల కోసం చేపల జాడ తీసే యంత్రాన్ని అమ్మకానికి తెచ్చారు. 1950ల చివర అమెరికాలో లోరెన్స్ కుటుంబం ట్రాన్సిస్టర్లతో నడిచే చిన్న పెట్టెను తయారుచేయడంతో అది సరస్సు మీద సరదాగా గేలం వేసేవాడి పడవలోకీ చేరింది.

ఆ ప్రతిధ్వనే గ్లాస్గోలో మరో దారి పట్టింది. ప్రసూతి వైద్యుడు ఇయన్ డోనల్డ్, లోహంలో పగుళ్ళు వెతికే ధ్వనియంత్రంతో 1955లో శస్త్రచికిత్సలో తీసిన కణితులను పరీక్షించి చూశాడు. ఇంజినీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మక్‌వికార్‌లతో కలిసి 1958లో 'లాన్సెట్' పత్రికలో ఫలితాలు ప్రచురించాడు. బ్రౌన్ పనిచేసిన కెల్విన్ అండ్ హ్యూస్ సంస్థ మూలాలు పియానో తీగతో సముద్రాన్ని కొలిచిన ఆ లార్డ్ కెల్విన్ పరికరాల వ్యాపారంలోనే ఉన్నాయి. నేడు గర్భిణికి తెర మీద బిడ్డను చూపే యంత్రమూ, గేలగాడికి చేపను చూపే యంత్రమూ ఒకే ఇంటి పిల్లలు.

లోతు ఒక్కటే చాలదు

అన్నిటికన్నా లోతైన చోటే చేపలు ఎక్కువగా ఉంటాయని కొత్తవాళ్ళు అనుకుంటారు. వేసవిలో చాలా సరస్సుల్లో నిజం ఇందుకు విరుద్ధం. 4 డిగ్రీల దగ్గర నీరు అత్యంత సాంద్రంగా ఉంటుంది కనుక చల్లని నీరు కిందికి చేరి, ఎండకు వేడెక్కిన నీరు పైన తేలుతుంది. రెండింటి మధ్య ఉష్ణోగ్రత చప్పున పడిపోయే పలుచని పొరకు 1897లో విస్కాన్సిన్ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ బర్జ్ థర్మోక్లైన్ అని పేరు పెట్టాడు. పోషకాలు దండిగా ఉన్న సరస్సులో ఈ పొర కింది నీటికి గాలి అందదు. పైనుంచి రాలిన జీవపదార్థం కుళ్ళుతూ అక్కడి ప్రాణవాయువును హరిస్తుంది. అక్కడ ఎంత లోతున్నా చేప నిలవదు. లాక్ నెస్ వంటి పోషకాలు తక్కువైన చల్లని సరస్సుల్లో అడుగుదాకా ప్రాణవాయువు ఉంటుంది. ఆర్కిటిక్ చార్ చేపలు ఆ చల్లని లోతుల్లో తిరుగుతాయి, వాటిని తిని పెరిగే ఫెరాక్స్ అనే పెద్ద ట్రౌట్ కోసం స్కాట్లండు గేలగాళ్ళు మరీ–పుల్లర్ పటాన్నీ సోనార్‌నూ పక్కపక్కన పెట్టుకుని పడవ నడుపుతారు.

పటంలో వారు వెతికేది సమలోతు రేఖల తీరును. రేఖలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు దిగుడు, ఎడంగా ఉంటే మెల్లని వాలు. నడిమధ్యలో చుట్టుకున్న రేఖ ఉంటే అది మునిగిన దిబ్బ కావచ్చు. వెలుతురు అడుగుదాకా చేరే మెరకలో నాచు, పురుగు, చిన్నచేప పెరుగుతాయి. పెద్దచేపకు మేతా కావాలి, దాక్కోవడానికి పక్కనే లోతూ కావాలి. అందుకే మెరక లోతులోకి జారే అంచులు మంచి తావులు.

సోనార్ చూపేదాన్ని కూడా చదవడం తెలియాలి. ధ్వని కిందికి శంకువులా విప్పారుతుంది. 20 డిగ్రీల శంకువు 30 మీటర్ల లోతున పది మీటర్లకు పైగా వెడల్పును ఒకేసారి చూస్తుంది. ఆ వెడల్పులో ఎక్కడున్న చేపనైనా తెర పడవ కిందే ఉన్నట్టు చూపుతుంది. పడవ కదులుతుంటే చేప దూరం మొదట తగ్గి మళ్ళీ పెరుగుతుంది కనుక దాని జాడ విల్లులా వంగుతుంది. ఏటవాలు అడుగు మీద శంకువులో అన్నిటికన్నా దగ్గరగా తగిలిన చోటే లోతుగా నమోదవుతుంది. అందువల్ల ఇరుకు గోతులు అసలుకన్నా మెరకగా కనిపిస్తాయి. 1987లో ఇరవైకి పైగా పడవలు వరుసకట్టి లోరెన్స్ యంత్రాలతో లాక్ నెస్‌ను జల్లెడ పట్టినప్పుడు, వింత జంతువు దొరకలేదు. వివరణ కుదరని రెండుమూడు ప్రతిధ్వనులు మాత్రం మిగిలాయి.

చేపనుంచి తిరిగివచ్చే ధ్వనిలో అధికభాగం దాని మాంసానిది కాదు, కడుపులోని వాతాశయం అనే గాలితిత్తిది. నీటికీ మాంసానికీ సాంద్రతలో తేడా స్వల్పం, నీటికీ వాయువుకూ అపారం. చేపను పట్టిచ్చే ఆ తిత్తే దాని ప్రాణం కూడా తీయగలదు. 20 మీటర్ల లోతున పీడనం ఉపరితలానికి మూడు రెట్లు. అక్కడినుంచి వేగంగా పైకి లాగితే తిత్తిలోని వాయువు మూడింతలవుతుంది. ట్రౌట్ వంటి చేపలకు తిత్తినుంచి గొంతుకు నాళం ఉంది, అవి కొంత గాలి వదులుకోగలవు. పెర్చ్, బాస్ జాతులకు పెద్దయ్యాక ఆ దారి ఉండదు. జీర్ణాశయం నోట్లోకి తోసుకొస్తుంది, కళ్ళు ఉబ్బుతాయి. పట్టి వదిలేశామనుకున్న చేప నీళ్ళలో బతకకపోవచ్చు. 2018 నుంచి పడవ ముందున్న చేప కదలికను అప్పటికప్పుడు చూపే సోనార్ విరివిగా అందుబాటులోకి వచ్చాక, లోతుల్లో చేపకు దాగే చోటు తగ్గింది. అమెరికాలో కొన్ని పోటీల నిర్వాహకులు దాని వాడకానికి హద్దులు పెట్టారు.

మారే అడుగు

మరీ–పుల్లర్ పటాలు నేడు స్కాట్లండు జాతీయ గ్రంథాలయం ద్వారా ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. నూరేళ్ళ తర్వాత కూడా అవి పనికొస్తున్నాయంటే కారణం కొలతలోని శ్రద్ధ మాత్రమే కాదు. గట్టి రాతిలో హిమం తవ్విన ఆ గోతులు పూడడానికి వేల ఏళ్ళు పడుతుంది. నదికి అడ్డుకట్ట వేసి కట్టిన జలాశయానికి ఆ భాగ్యం లేదు. కృష్ణ మీద శ్రీశైలం జలాశయం నిర్మాణకాలంలో 308 టీఎంసీల సామర్థ్యంతో లెక్కకెక్కింది. ఆ తర్వాతి సర్వేల్లో అది 215 టీఎంసీలకు దిగింది. 1953లో తుంగభద్ర సామర్థ్యం 132 టీఎంసీలకు పైమాట. 2008 సర్వేలో అది 100.85గా, 2016 సర్వేలో 105.78గా వచ్చింది. పోగైన పూడిక ఎనిమిదేళ్ళలో తనంతట తాను ఇంతగా కరిగిపోదు కనుక, ఈ రెంటి మధ్య తేడాను ప్రధానంగా కొలతలోని తేడాగానే భావించాలి. ఒక టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. మూడు రాష్ట్రాల ఆయకట్టు వాటాలు ఈ అంకెల మీద నడుస్తాయి.

జలాశయాన్ని కొలవడానికి మరో దారి కూడా ఉంది. నీటిమట్టం తగ్గుతున్నకొద్దీ బయటపడే ఒడ్డుగీత తనంతట తాను సమలోతు రేఖ అవుతుంది. వేర్వేరు మట్టాల్లో ఉపగ్రహం తీసిన చిత్రాలనుంచి నీటి విస్తీర్ణం లెక్కగట్టి, రెండు మట్టాల మధ్య పరిమాణాన్ని తేల్చే పద్ధతి ఇదే. శ్రీశైలం వెనక నీళ్ళు వెనక్కి తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడ్డప్పుడు ఒడ్డున నిలబడ్డవారు చూసేది అటువంటి గీతనే. ఎన్నడూ బయటపడని అడుగుభాగానికి మాత్రం ఉపగ్రహం పనికిరాదు. అక్కడ పడవలో వెళ్ళి, వరుస తప్పకుండా గీతలు గీస్తూ, ధ్వని పంపి కొలవాలి. ఫ్రెడరిక్ పుల్లర్ తెడ్లు లెక్కపెట్టుకుంటూ చేసిన పని అదే. తెడ్ల లెక్క స్థానంలో ఉపగ్రహ స్థాననిర్ణయం, తీగ స్థానంలో ప్రతిధ్వని వచ్చాయి. ఒకసారి కొలిచిన జలాశయాన్ని కొన్నేళ్ళకు మళ్ళీ కొలవవలసిన అవసరం మాత్రం అలాగే ఉంది.